మునిర్కా సందులో రోజుకో ఫొటో



ఢిల్లీ మెట్రోలో మెజెంటా లైను మీద ఆర్.కె. పురం దాటగానే వచ్చే స్టేషను మునిర్కా. స్టేషను 2018లో వచ్చింది. ఊరు మాత్రం చాలా పాతది. ఔటర్ రింగ్ రోడ్డును ఆనుకుని ఉన్న ఈ జాట్ గ్రామాన్ని మహానగరం నాలుగు పక్కలా చుట్టేసింది. జేఎన్‌యూ, ఐఐటీ, వసంత్ విహార్ బంగళాలు అన్నీ దీని ఇరుగుపొరుగే. మన తెలుగు పిల్లలకు ఈ పేరు కొత్త కాదు. జేఎన్‌యూలో సీటొచ్చి హాస్టలు రానివాళ్లు, జియా సరాయ్, బేర్ సరాయ్ కోచింగులకు వచ్చినవాళ్లు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు చవగ్గా రూము కావాలంటే ఈ సందుల్లోనే తిరుగుతారు. ఏడాదో రెండేళ్లో ఉంటారు, వెళ్లిపోతారు. ఉండటానికి వచ్చేవాళ్లే గానీ మునిర్కాను చూడాలని వచ్చేవాళ్లు అరుదు. చూడాలనుకున్నవాళ్లు కుతుబ్ మీనారుకు పోతారు. ఇక్కడికి దగ్గర్లోనే వజీర్‌పూర్ కా గుంబద్ అని పిలిచే లోదీల కాలపు సమాధులున్నాయి, పక్కన ఒక మెట్లబావి కూడా ఉంది. వాటి పక్కనుంచే జనం తల తిప్పకుండా వెళ్తుంటారు. ఇలా ఎవరూ చూడదగ్గదనుకోని చోటును, రోజూ నడిచే సందునే, రోజూ ఫొటో తీస్తే మన చూపు మారుతుందా? మారుతుందనే నా వాదన. అయితే ఆ మార్పు కెమెరా వల్ల రాదు. ఫొటో తీసేటప్పుడు ఏది ఉంచాలి, ఏది వదలాలి అని మనం చేసే నిర్ణయం వల్ల వస్తుంది. ఆ నిర్ణయాన్ని అదే చోట మళ్లీ మళ్లీ చేయడం వల్ల వస్తుంది. ఈ రెండూ లేకపోతే వెయ్యి ఫొటోలు తీసినా చూపు ఉన్నచోటనే ఉంటుంది.

మన కన్ను చూసేదానికంటే గుర్తుపట్టేదే ఎక్కువ. తలుపు కనపడగానే తలుపు అనుకుని ముందుకు సాగిపోతుంది. ఆ తలుపు రంగేమిటో, గొళ్లెం ఏ వైపుందో పట్టించుకోదు. దీన్ని లోపమనకూడదు. ప్రతిదాన్నీ నిలబడి పరిశీలిస్తే రోడ్డు కూడా దాటలేం. కానీ ఇలా గుర్తుపట్టి వదిలేసే అలవాటు ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఒక గట్టి సాక్ష్యం ఉంది. వేల ఏళ్లుగా గుర్రాలతో కలిసి బతికిన మనిషికి, పరుగెత్తే గుర్రం కాళ్లు ఎలా కదులుతాయో సరిగ్గా తెలియదు. చిత్రకారులు ముందుకాళ్లు ముందుకూ, వెనకకాళ్లు వెనక్కూ బార్లా చాపినట్టు గీసేవారు. 1821లో ఫ్రెంచి చిత్రకారుడు జెరికో గీసిన ఎప్సమ్ గుర్రప్పందెం బొమ్మలో కూడా అంతే. 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరసగా కెమెరాలు పెట్టి పరుగును ముక్కలు ముక్కలుగా పట్టుకున్నాడు. నాలుగు కాళ్లూ గాలిలో ఉండే క్షణం నిజంగానే ఉందని తేలింది. కానీ ఆ క్షణంలో కాళ్లు చాపి లేవు, పొట్ట కిందికి ముడుచుకుని ఉన్నాయి. కళ్లెదుట పరుగెత్తిన గుర్రాన్ని మనుషులు చూసింది తక్కువ, తమకు ముందే తెలిసిన బొమ్మను దాని మీద పరిచింది ఎక్కువ. మైబ్రిడ్జ్ కంటికి అందని వేగాన్ని పట్టుకున్నాడు. రోజువారీ ఫొటో దీనికి ఎదురు కొసలో పనిచేస్తుంది. కంటికి అందనంత నెమ్మదిగా జరిగే మార్పును అది పట్టుకుంటుంది. గోడకు పట్టే చెమ్మ, పెరిగే అంతస్తు, జరిగే ఎండ, ఇవి ఏ ఒక్క రోజూ కనపడవు.

మునిర్కా సందులో నిలబడి ఫోనును నిలువుగా పట్టుకున్నారనుకోండి. రెండువైపులా నాలుగైదు అంతస్తుల ఇళ్లు. ముందు వచ్చే చిక్కు, అంతా ఒక్క ఫొటోలో పట్టదు. నేల కావాలంటే ఆకాశాన్ని వదులుకోవాలి, ఆకాశం కావాలంటే నేలను. ఆలోచన మొదలయ్యేది ఇక్కడే. పైకెత్తి తీస్తే, నడిచేటప్పుడు ఎన్నడూ గమనించనిది కనపడుతుంది. కింద సందు కాస్త వెడల్పుగానే ఉంది, పైకి పోయేకొద్దీ రెండువైపుల గోడలూ దగ్గరవుతున్నాయి. మొదటి అంతస్తు బాల్కనీ ఒక అడుగు ముందుకు వచ్చింది, దానికి ఎదురింటి బాల్కనీ ఇంకో అడుగు వచ్చింది. పైన ఆకాశం పలచని పట్టీలా మిగిలింది, ఆ పట్టీకి అడ్డంగా కరెంటు తీగల కట్టలు, ఇంటర్నెట్ కేబుళ్ల చుట్టలు. ఫొటో చూసినప్పుడు సహజంగానే అడగాలనిపిస్తుంది: ఇళ్లు పైకి పోతూ ఎందుకు ఇలా ముందుకు వచ్చాయి? దానికి జవాబు లాల్ డోరా. 1908 ప్రాంతంలో భూమి శిస్తు లెక్కల కోసం ఊళ్లో జనం నివాసముండే భాగం చుట్టూ పటం మీద ఎర్ర గీత గీశారు. గీత లోపల ఇళ్లు, బయట పొలాలు. తర్వాత ఢిల్లీ పెరిగింది. ఆర్.కె. పురం కాలనీకీ, 1969లో వచ్చిన జేఎన్‌యూకీ, ఇంకా ఇలాంటి చాలా కట్టడాలకు మునిర్కా పొలాలు పోయాయి. గీత లోపలి ఇళ్ల జాగా మాత్రం ఊరివాళ్లకు మిగిలింది. 1963లో ఈ గ్రామ నివాస భాగాలకు నగరపాలక సంస్థ భవన నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. పొలం లేని రైతుకు మిగిలిన ఆదాయం అద్దె. జాగా పెరగదు కాబట్టి ఇల్లు పైకి పెరిగింది, పైన సందు మీదికి కూడా జరిగింది. గోధుమలు పండించిన కుటుంబాలు రూములు అద్దెకిచ్చే కుటుంబాలుగా మారిన చరిత్ర ఆ ఒక్క నిలువు ఫొటోలో ఉంది. ఉంది గానీ తనంతట తాను చెప్పదు. అంచులోపల దేన్ని ఇరికించాలా అని తంటాలు పడినవాడికే ఆ ఇరుకు ఎక్కణ్నుంచి వచ్చిందన్న సందేహం వస్తుంది.

అదే చోట, అదే మధ్యాహ్నం పన్నెండింటికి, డిసెంబరులో ఒకటి, జూన్‌లో ఒకటి తీసి పక్కపక్కన పెడితే ఇంకో సంగతి బయటపడుతుంది. ఢిల్లీ అక్షాంశం దాదాపు ఇరవై ఎనిమిదిన్నర డిగ్రీలు. జూన్ నడిమధ్యాహ్నం సూర్యుడు ఎనభై అయిదు డిగ్రీల ఎత్తున, దాదాపు నడినెత్తిన ఉంటాడు. డిసెంబరు చివర అదే సూర్యుడు ముప్ఫై ఎనిమిది డిగ్రీల దాకానే ఎక్కుతాడు. తూర్పు పడమరగా సాగే ఇరుకు సందులో ఆ చలికాలపు ఎండ దక్షిణపు వరస ఇళ్ల మీదే ఆగిపోతుంది. నేలకు దిగదు. ఎండ వద్దనుకునే జూన్‌లో కిందిదాకా కొడుతుంది, ఎండ కావాలనుకునే డిసెంబరులో రాదు. చలికాలం జనమంతా డాబాల మీద ఎందుకుంటారో, కింది అంతస్తు రూము ఎందుకు చవగ్గా దొరుకుతుందో ఆ రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే అర్థమవుతుంది. ఒక్క ఫొటోతో ఈ సంగతి తెలియదు. అందుకే రోజువారీ అన్న మాటకు నేను ఇంత బరువు ఇస్తున్నాను. ఒక ఫొటో చూపించేది ఒక దృశ్యాన్ని. రెండు ఫొటోల మధ్య తేడా చూపించేది ఒక కారణాన్ని.

మన తెలుగునాట ఫొటోగ్రఫీ నడిచిన దారి కూడా మామూలు వస్తువు వైపే నడిచింది. మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టిన రాజా దీన్ దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరయ్యాడు. ఆయన అద్దపు పలకల నెగెటివులు వేల సంఖ్యలో ఇప్పుడు ఢిల్లీలోనే, ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. వాటిలో ఎక్కువగా కనపడేది సంస్థానాల వైభవం. దర్బార్లు, మహళ్లు, వేటలు. పలక ఖరీదైనది, కెమెరా బరువైనది, ఫొటో తీయించుకునేవారు పెద్దవారు. వందేళ్లు గడిచాక వరంగల్లుకు చెందిన భరత్ భూషణ్ కెమెరాను తెలంగాణ పల్లెల వైపు తిప్పాడు. మట్టిగోడలు, తలుపులు, బతుకమ్మ ఆడే ఆడవాళ్లు. 2022 జనవరిలో ఆయన పోయినప్పుడు తెలంగాణవాళ్లు తమ ఇంటి గడపను ఫొటోకు తగినదిగా చూపించిన మనిషిని తలుచుకున్నారు. హైదరాబాదులో కందుకూరి రమేష్ బాబు 'సామాన్యశాస్త్రం' అన్న పేరు కింద మామూలు మనుషుల గురించి రాస్తూ, ఫొటోలు తీస్తూ, వాకిళ్లలో ముగ్గులను కూడా ఫొటోలకు ఎక్కించాడు. పొద్దున వేసి మధ్యాహ్నానికి చెరిగిపోయే ముగ్గును ఫొటో తీయడంలో ఒక విశేషం ఉంది. ఒక్క ముగ్గు చూస్తే అందమైన ముగ్గనిపిస్తుంది. పది రోజుల ముగ్గులు వరసగా చూస్తే వేసిన చెయ్యి కనపడుతుంది. ఏ రోజు తీరిక ఉంది, ఏ రోజు నాలుగు గీతలతో సరిపెట్టింది తెలుస్తుంది. మునిర్కాలో ముగ్గులు తక్కువ. ఇక్కడ ఆ పని చేసేవి రూము బయట విప్పిన చెప్పులు. మూడు జతలుండే చోట ఏడు జతలున్నాయంటే పరీక్షలు దగ్గరపడ్డాయి, కలిసి చదువుతున్నారు. హోలీకి ఒక జతే మిగిలిందంటే ఊరికి టికెట్టు దొరకనివాడో, డబ్బు లేనివాడో లోపల ఒంటరిగా ఉన్నాడు.

ఇక అభ్యంతరాల దగ్గరికి వస్తాను. అన్నిటికంటే బలమైనది, ఫొటో తీస్తే జ్ఞాపకం చెడుతుందన్నది. ఇది ఊరికే అన్న మాట కాదు. అమెరికాలోని ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు లిండా హెంకెల్ కొందరిని మ్యూజియానికి తీసుకెళ్లి, కొన్ని వస్తువులను ఊరికే చూడమన్నది, కొన్నిటిని ఫొటో తీయమన్నది. తర్వాత అడిగితే, ఫొటో తీసిన వస్తువులే తక్కువగా గుర్తున్నాయి. గుర్తుపెట్టుకునే పని కెమెరాకు అప్పగించి మనసు తప్పుకుందన్నమాట. 2014లో వెలువడిన ఈ ఫలితాన్ని చాలామంది ఉదహరిస్తారు గానీ, అందులోనే ఉన్న రెండో సగాన్ని చెప్పరు. వస్తువులో ఏదో ఒక భాగాన్ని జూమ్ చేసి తీయమన్నప్పుడు జ్ఞాపకం చెడలేదు. పైగా జూమ్ చేయని భాగాలు కూడా అంతే బాగా గుర్తున్నాయి. 2017లో అలిగ్జాండ్రా బరాష్, ఆమె సహచరులు ఇంకో ప్రశ్న వేశారు. ఏది తీయాలో మనిషినే ఎంచుకోనిస్తే ఏమవుతుంది? అలా ఎంచుకున్నవాళ్లకు చూసినవి, కెమెరా లేనివాళ్లకంటే ఎక్కువగా గుర్తున్నాయి. తాము ఫొటో తీయనివి కూడా మెరుగ్గా గుర్తున్నాయి. ఈ రెండిటినీ కలిపి చూస్తే నాకు అర్థమయ్యేది ఇది. చెప్పినదాన్ని చెప్పినట్టు తీసుకుంటూ పోతే కెమెరా చూపును మొద్దుబారుస్తుంది. ఎంపిక మనదైనప్పుడు పదును పెడుతుంది.

అయితే బరాష్ బృందం చెప్పిన ఇంకో సంగతిని, ముఖ్యంగా రేడియోలో మాట్లాడుతూ, దాటవేయలేను. ఫొటోలు తీసినవాళ్లకు చూసినవి ఎక్కువ గుర్తున్నాయి, విన్నవి తక్కువ గుర్తున్నాయి. ఈ నష్టం నిజమైనది. మునిర్కాలో చెవికి వచ్చే సంగతులు చిన్నవి కావు. నీళ్లొచ్చే వేళకు ఒక్కసారిగా మొదలయ్యే మోటార్ల రొద, ఒకే మెట్ల మీద హర్యాన్వీ, మణిపురి, మలయాళం, తెలుగు, ఇళ్ల నెత్తిమీదుగా పాలం విమానాశ్రయం వైపు దిగే విమానం. ఫోను పైకెత్తిన ప్రతిసారీ ఇందులో కొంత జారిపోతుంది. కాబట్టి రోజంతా ఫోను పట్టుకుని తిరగమని నేను అనను. రోజుకొకటి తీయండి, మిగతా వేళంతా చెవులు ఖాళీగా ఉంచండి అంటాను.

మరో అభ్యంతరం, ఈ ఫొటోలన్నీ చూపించుకోవడానికే కదా అన్నది. సామాజిక మాధ్యమాల్లో పెట్టాలన్న ఉద్దేశంతో తీస్తే ఆ అనుభవంలోని ఆనందం తగ్గుతుందని ఇదే పరిశోధకులు 2018లో మరో పత్రంలో చూపించారు. నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగ మధ్యలో దూరుతుంది. ఢిల్లీ వచ్చిన పిల్లలు ఇంటి వాట్సాప్ గ్రూపుకు పంపే ఫొటోలు చూడండి. సర్దిన టేబులు, ఇండియా గేటు, కడిగిన గిన్నె. చెమ్మపట్టిన గోడ ఉండదు. అమ్మ బెంగపడకూడదని పంపే ఆ ఫొటోను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కానీ ఆ ఫొటో తీసేటప్పుడు కన్ను గదిని చూడటంలేదు, అమ్మ ముఖాన్ని చూస్తోంది. మరి పంచుకోవడమే విషమా? అలా అనడానికీ లేదు. ఇంగ్లండులో లిజ్ బ్రూస్టర్, ఆండ్రూ కాక్స్ అనే పరిశోధకులు రోజుకో ఫొటో తీసి ఇంటర్నెట్లో పెట్టేవాళ్లను కొద్దిమందిని దగ్గరగా గమనించారు. ఆ అలవాటు వాళ్లను గదిలోంచి బయటికి నడిపించింది, చుట్టూ ఏముందో వెతికించింది, ఇతరులతో మాట కలిపించింది. తేడా ఎక్కడుందంటే, వీళ్లు గొప్ప క్షణం కోసం ఎదురుచూడలేదు. ఏమీ లేదనిపించిన రోజున కూడా ఒకటి తీయాల్సిందే కాబట్టి, ఏమీ లేదన్న మాటను వాళ్లు అంత తేలిగ్గా ఒప్పుకోలేకపోయారు.

ఫోను కెమెరా అసలు నిజమే చూపించదు కదా అని ఇంకొందరంటారు. ఈ మాటలో చాలా పస ఉంది. నేటి ఫోను ఒక్క నొక్కుకు రకరకాల వెలుతురుల్లో కొన్ని ఫొటోలు తీసి, కలిపి, చీకటి భాగాలను వెలిగించి ఇస్తుంది. మిట్టమధ్యాహ్నం కూడా మసకగా ఉండే మునిర్కా సందు ఫోనులో తెల్లగా, హాయిగా కనపడుతుంది. లైటు వేయకుండా పుస్తకం చదవలేని గది, ఫొటోలో కిటికీ వెలుగుతో నిండినట్టుంటుంది. రూము అద్దెకిచ్చే ప్రకటనల్లో ఈ వెలుతురే మోసం చేస్తుంది. కానీ రోజూ తీసేవాడికి ఒకనాటికి అనుమానం వస్తుంది. తెర మీద ఉన్నంత వెలుతురు నా కంటికి లేదే అని. తెర మీద వేలితో నొక్కి, వెలుతురు తగ్గించే గుర్తును కిందికి జరిపి, కంటికి కనపడేంత మసక వచ్చేదాకా దించుతాడు. ఎంత మసకగా ఉందో కొలవడానికి ఆ కొద్దిసేపు గదిని నిజంగా చూడాల్సి వస్తుంది. ఫోను చెప్పే అబద్ధాన్ని సరిదిద్దే పనిలోనే చూపు పదునెక్కుతుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే అభ్యంతరం వేరే ఉంది. తీగల చిక్కును అందమైన నమూనాగా, పెచ్చులూడిన గోడను రంగుల బొమ్మగా తీసి, ఇరుకును అలంకారం చేస్తున్నామేమో. ఆ తీగల కింద పిల్లలు ఆడుకుంటారు. వానకు తడిసినప్పుడు అవి ప్రాణాలు తీయగలవు. ఒక్క ఫొటో తీసి వెళ్లిపోయేవాడి విషయంలో ఈ విమర్శకు నా దగ్గర జవాబు లేదు, విమర్శే సరైనది. కానీ అదే తీగలను ఏప్రిల్‌లో, ఆగస్టులో, కూలర్లూ ఏసీలూ కలిసి నడిచే జూన్ రాత్రిలో తీసినవాడికి అది నమూనాగా మిగలదు. ఈ కట్ట ఎప్పుడు లావెక్కింది, ఏ ముడి దగ్గర నల్లబడింది అన్నది కనపడుతుంది. తేదీలతో సహా అధికారులకు చూపించగల సాక్ష్యం అవుతుంది. ఒకే ఒక్క చిత్రం ఊరికి ఎంత అన్యాయం చేస్తుందో మునిర్కాకు తెలుసు. 2012 డిసెంబరు 16 రాత్రి ఇక్కడి బస్‌స్టాపులో ఒక యువతి, ఆమె స్నేహితుడు బస్సెక్కారు. ఆ తర్వాత జరిగిన ఘోరం దేశాన్ని కదిలించింది, 2013లో చట్టాన్నే మార్పించింది. మరవకూడని రాత్రి అది. కానీ దూరంగా ఉన్నవాళ్లకు మునిర్కా అంటే టీవీ చూపించిన ఆ బస్‌స్టాపు ఒక్కటే మిగిలిపోయింది. ఆ తర్వాత కూడా అదే స్టాపులో రోజూ బస్సు కోసం నిలబడే ఆడపిల్లలు ఏ చిత్రంలోనూ లేరు. స్తంభం దీపం వెలుగుతోందా, రాత్రి తొమ్మిదికి అక్కడ ఎంతమంది ఉంటారు, అంగడి ఎన్నింటికి మూస్తారు, ఇవి రోజువారీ ఫొటోలు చెప్పాల్సిన సంగతులు.

అలా అన్నాను గనక మనుషుల అనుమతి గురించి కూడా చెప్పాలి. మునిర్కాలో ఒక కిటికీ నుంచి ఎదురింటి కిటికీకి చెయ్యి చాపితే అందేటంత దూరం. బాల్కనీలో ఆరేసిన బట్టలు, తలుపు తీసి ఉన్న వంటగది, ఎవరి చూపుకూ చిక్కకుండా బతుకుదామని ఇంత దూరం వచ్చిన అమ్మాయి, వీటిలో ఏదీ మన చూపు సాధనకు ముడిసరుకు కాదు. ఈశాన్య రాష్ట్రాల పిల్లలు ఈ సందుల్లో చాలామంది ఉంటారు. తేరిపార చూసే చూపులకు వాళ్లు ఇప్పటికే విసిగి ఉన్నారు. అడిగి తీస్తే సహజంగా రాదని కొందరు ఫొటోగ్రాఫర్లు వాదిస్తారు. నేను ఒప్పుకోను. కిరాణా కొట్టతన్ని అడిగి చూడండి. చొక్కా సర్దుకుంటాడు, తక్కెడ పక్కకు జరుపుతాడు, వెనకున్న దేవుడి పటం పడేలా నిలబడతాడు. తనను ఎలా చూడాలని కోరుకుంటున్నాడో ఆ సర్దుబాటులో చెబుతున్నాడు. దొంగచాటుగా తీసిన ఫొటోలో ఆ సమాచారం దొరకదు. వద్దంటే ఫోను జేబులో పెట్టేయాలి. అలా పెట్టేసినంత మాత్రాన ఆ రోజు సాధన ఆగిపోదు. బరాష్ బృందం తమ ప్రయోగాల్లో కొందరికి కెమెరా ఇవ్వకుండా, మనసులోనే ఫొటోలు తీసుకోమని చెప్పి చూసింది. కెమెరా పట్టుకున్నవాళ్లలో కనపడిన మార్పే వాళ్లలో కూడా కనపడింది.